రెండు గాట్ల కత్తి

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్టు వాసన పడదు. యూనివర్సిటీలో చదువుకుంటూ మాకు మేమే కుదుర్చుకున్న పెళ్లి కాబట్టి ఇవన్నీ ముందే వాకబు చేసి పెట్టుకున్నాను. మడత కత్తుల సంగతి మాత్రం అడగలేదు. "ఏమయ్యా, నీకు కత్తులు పోగేసే అలవాటేమన్న ఉన్నదా?" అని ఏ ఆడపిల్ల అడుగుతుంది చెప్పండి! అక్కడ దెబ్బతిన్నాను.

గచ్చిబౌలిలో మేం కిరాయికి దిగిన ఇంట్లో ఒకటే బీరువా. పై అరలు నావి, పాపవి. కింది అర ఆయన కత్తులది. ఒక్కోదాన్ని పాత బనీను ముక్కలో చుట్టి పడుకోబెట్టేవాడు. బనీన్లు చాలకపోతే ఇంకా చిరగని వాటిని కూడా చించేవాడు. అవేమీ భయపడాల్సిన కత్తులు కావు. మడిస్తే జేబులో పట్టేవి. పళ్లు కోసుకునేవి, పెన్సిళ్లు చెక్కేవి, సీసా మూతలు తీసేవి. వాటిలో సగానికి ఉల్లిపాయ కూడా తెగదు. ఆ మాట నేనంటే ఆయన తెగ ఉడుక్కునేవాడు.

"అవి కొయ్యడానికి కాదే, చూడ్డానికి."

"చూడనీకి నేను లేనా?"

నాది పుప్పాలగూడ, ఆయనది కృష్ణా జిల్లా. నేనొక మాట అంటే దానికి జవాబు వెతుక్కోవడానికే ఆయనకు సగం పూట పట్టేది. మా కాపురంలో పెద్ద గొడవలు జరగకపోవడానికి అదే కారణం.

అసలు ఆయన పిచ్చి కత్తుల మీద కూడా కాదు, కత్తుల్లో తేడాల మీద. ఒకే కంపెనీ చేసిన, అచ్చం ఒకేలా ఉన్న రెండు కత్తుల్ని నా ముందు పెట్టి "తేడా చెప్పు చూద్దాం" అనేవాడు. నేను అటు తిప్పి ఇటు తిప్పి "ఇది జర మురికిగ ఉన్నది" అనేదాన్ని. ఆయన తల పట్టుకునేవాడు. ఒకదాని పిడిలో మేకు ఇత్తడిదట, రెండోదానిది ఇనుపదట. ఇంకొకదాని అలుగు మీద, అంటే కోసే రేకు మీద, కంపెనీ ముద్ర తలకిందులుగా పడిందట. మరొకదానికి సీసా మూత తీసే కొక్కెం లోకంలో అన్నిటికీ ఉన్నట్టు కాకుండా అటు తిరిగి ఉందట. ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవరో ఒక పూట పరధ్యానంగా ఉంటే, ఆ పరధ్యానం మా ఇంటికొచ్చి బనీను గుడ్డలో పడుకునేది. నా పరధ్యానం వల్ల పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే మాత్రం దాన్నెవరూ అపురూపంగా దాచలేదు.

ఉద్యోగం కూడా ఆయనకు తగ్గదే దొరికింది. మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనంలో పని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు పిచ్చెక్కుతుందని లోకమంతా బెంబేలెత్తుతున్న రోజులవి. ఎవరెవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టిన చోటల్లా వెతికి పట్టుకోవడం ఆయన పని. వారమంతా అక్కడ తేడాలు వెతికి, ఆదివారం ఇంట్లో కూర్చుని కత్తుల్లో తేడాలు వెతికేవాడు. నేను కొత్త చీర కట్టుకుని ఎదురుగా ఎన్ని చక్కర్లు కొట్టినా "అన్నం పెట్టేస్తావా?" అనేవాడు.

ఒకసారి జేబులో కత్తి మరిచిపోయి ఆఫీసుకు పోయాడు. గేటు దగ్గర పాలమూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ అతను జేబు తడిమి కత్తి బయటికి తీశాడట.

"ఏంది సార్ గిది?"

సిగ్గుపడి ఇచ్చేసి లోపలికి పోవాలా వద్దా! ఈయన అక్కడే నిలబడి, తలకిందులుగా పడ్డ ముద్ర ఎంత అరుదో వివరించడం మొదలుపెట్టాడట. వెనక ఆఫీసు బస్సు దిగిన జనమంతా బారు తీరి నిలబడ్డారు. సెక్యూరిటీ అతను ఓపిగ్గా అంతా విని "సమజైంది సార్. గని లోపల్కి తీస్కపోవద్దు" అని కత్తిని తన టిఫిను డబ్బాలో పెట్టుకుని సాయంత్రం తిరిగిచ్చాడు. ఆ తర్వాత రోజూ గేటు దగ్గర "ఇయ్యాల తలకిందులది ఏమన్న తెచ్చినవా సార్?" అని అడిగేవాడట. మా ఆయన దాన్ని కుతూహలం అనుకుని మురిసిపోయేవాడు. నేను ఆ భ్రమ చెడగొట్టలేదు.

లోకంలో ఈయన ఒక్కడే ఇట్లాంటివాడైతే సరిపెట్టుకునేదాన్ని. జుమ్మెరాత్ బజారులో పాత ఇనుము గుట్ట ముందు ఒకే కత్తి మీద ఇద్దరి చేతులూ పడి, ఒక పెద్దమనిషితో స్నేహం కుదిరింది. పాతబస్తీ దగ్గర పుట్టి పెరిగినాయన. బాలానగర్‌లో ఒక కార్ఖానాలో పనిముట్లు తయారుచేసే చోట చాలాకాలం చేసి రిటైరయ్యారు. మేం పెద్దసారు అని పిలిచేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం స్కూటరు మీద మా ఇంటికి వచ్చేవారు. మిగతా రోజుల్లో నానక్‌రామ్‌గూడ వైపు బండలు పేలుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. ఆదివారం ఆ చప్పుళ్లుండవు. పెద్దసారుకు నిశ్శబ్దం కావాలి మరి. ఎందుకంటే ఆయన ముందు కత్తిని చూడరు, వింటారు.

కళ్లు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, తెరిచి, మూసి, ఆ 'టక్' వింటారు. తర్వాత పిడి అతుకుల మీద వేలు పోనిచ్చి తడుముతారు. ఆ తర్వాత కిటికీకి ఎదురుగా పట్టి సందుల్లోంచి వెలుగు వస్తోందేమో చూస్తారు. చివరికి భూతద్దం. అదంతా అయ్యేదాకా మా ఆయన ఊపిరి పీల్చడు. తీర్పు ఒక్క మాటే. 'కంపెనీ' లేకపోతే 'బజార్'. కత్తిలో ఉన్న తేడా ఫ్యాక్టరీలోనే పుట్టిందైతే కంపెనీ. తర్వాత ఎవరో మేకు మార్చో, పిడి మార్చో, సాన పట్టో చేసిందైతే బజార్. కంపెనీ అన్న వారమంతా మా ఆయన స్నానం చేస్తూ ఈల వేసేవాడు. బజార్ అంటే ఆయనకు అన్నం సయించేది కాదు. నేను చెప్పబోయే రోజులకు ముందు వరసగా అన్నీ బజార్లే వచ్చి, మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు.

అయితే ఆ ఎండాకాలం మా ఇంట్లో అసలు దిగులు కత్తులది కాదు, మా పాప ఎడమ చేతిది.

జూన్‌లో పాపను బడిలో వెయ్యాలి. సీటు కోసం పోతే అక్కడి మేడమ్ పాపకు రంగు పెన్సిలు ఇచ్చి పువ్వు గియ్యమంది. పాప ఎడమ చేత్తో అందుకుని చకచకా గీసింది. మేడమ్ పువ్వు వంక చూడనే లేదు. "లెఫ్ట్ హ్యాండా? జూన్ లోపల మాన్పించి తీసుకురండి. లేకపోతే మాకు కష్టం" అంది. ఆ చుట్టుపక్కల అప్పట్లో ఉన్నదే ఒకటి రెండు మంచి బళ్లు, సీటు దొరకడం గగనం. నోరు మూసుకుని తలూపి వచ్చాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని కాబట్టి, లోపల మిగిలిపోయిందంతా ఇంటికొచ్చి మా ఆయన మీద దులిపాను.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నేను మాన్పిస్త," అన్నాడు నాన్న.

నాన్న మా దగ్గరే ఉండేవాడు. పుప్పాలగూడలో ఒక దొరవారి ద్రాక్షతోటలో వయసంతా గడిపిన మనిషి. తోట అంచున మామిడి, జామ మొక్కలు పెంచేవాళ్లు. వాటికి అంట్లు కట్టడంలో నాన్నకు మంచి పేరు. ద్రాక్ష తీగలు పీకేసి ప్లాట్ల రాళ్లు పాతాక, అంతకుముందే అమ్మ కూడా పోయి ఉండడంతో, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. గట్టిగా మాట్లాడడం ఎరగడు. ఈ చేతుల విషయం ఒక్కటే మినహాయింపు. నా చిన్నప్పుడు పొరపాటున ఎడమ చేత్తో మంచినీళ్లు అందిస్తే "ఆ చెయ్యి గాదు" అని, గొంతెండుతున్నా గ్లాసు ముట్టుకునేవాడు కాదు. అట్లాంటి మనిషి పూనుకున్నాడంటే ఇక పని అయినట్టే అనుకున్నాం.

పాపను ఆయన కొట్టలేదు, కసరలేదు. ఒక ఆట కనిపెట్టాడు. తన పాత కండువా ముక్కతో పాప ఎడమ చేతిని మెత్తగా చుట్టి ముడి వేసేవాడు. "ష్! చెయ్యి పండుకుంది. లేపకు" అనేవాడు. మొదట్లో పాప కిలకిలా నవ్వేది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని జోకొట్టేది. కొన్నాళ్లకు ఆట వెగటు పుట్టింది. కుడి చేత్తో ముద్ద నోటికి చేరేలోపు సగం గౌను మీద పడేది. పొద్దస్తమానం గోడల మీద చాక్‌పీసుతో బొమ్మలు గీసి నాతో తిట్లు తినే పిల్ల, గియ్యడం మానేసింది. "బొమ్మ ఎయ్యవా?" అంటే కండువా ముడి చూపించి "పండుకుంది కద" అనేది. తెల్లటి గోడను తుడిచే పని నాకు లేకుండా పోయింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నాయినా, గింత చిన్న పిల్లను గిట్ల సతాయించుడు అవసరమా?"

నాన్న మొహం మాడిపోయింది. ముడి మాత్రం విప్పలేదు.

"ఇప్పుడు ఇంట్ల ఏడిస్తె ఏడ్వనీ బిడ్డా. రేపు పదిమంది ముందట ఏడ్వకుంటె సాలు," అన్నాడు.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన లేచింది. నాన్న పాలకు వెళ్లాడు. కిటికీలోంచి జల్లు కొట్టి ట్రంకు పెట్టె తడుస్తుంటే మా ఆయన దాన్ని పక్కకు జరపబోయాడు. పెట్టె మీద నాన్న కత్తి ఉంది. రోజూ దాంతోనే మామిడికాయ కోసుకునేవాడు. వాన మేఘం చూసి హడావుడిగా బయల్దేరి, లోపల పెట్టడం మరిచిపోయినట్టున్నాడు.

ఒకే ఇంట్లో ఉంటూ ఆ కత్తిని మా ఆయన అంతవరకు పట్టుకుని చూడలేదంటే నమ్మరు. నాన్న పద్ధతి అట్లాంటిది. కోసేటప్పుడు మాకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పిల్లలకు తగలకుండా అట్లా కూర్చుంటాడని అమ్మ చెప్పేది. ఇక కత్తిని చేతికందించడం మా ఇళ్లల్లో లేనే లేదు, తగువులొస్తాయంటారు. మడిచి నేల మీద పెట్టాలి, కావలసినవాళ్లు అక్కణ్నుంచి తీసుకోవాలి. నాన్న ఎవరికోసమూ పెట్టేవాడు కూడా కాదు. పని కాగానే మడిచి, గుడ్డలో చుట్టి, పెట్టెలో వేసి మూత మూసేవాడు. నేను పుట్టినప్పటి నుంచి ఆ కత్తి ఇంట్లో ఉంది. అది తెరుచుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

"ఇలా రావే! తొందరగా రా!" అని మా ఆయన కేక పెట్టాడు. గ్యాస్ లీకయిందేమోనని పాపను చంకనేసుకుని పరుగెత్తాను. చూస్తే ఈయన నేలమీద చతికిలబడి, కత్తిని రెండు చేతులతో వెలుగుకు పట్టి చూస్తున్నాడు.

"ఇటుపక్క గాటు ఉందా? చూశావా? ఇప్పుడు ఇటు చూడు. అటుపక్క కూడా ఉంది!"

"దీనికా నన్ను ఉరికిచ్చింది?"

ఆయన నా మాట వినిపించుకోలేదు. మడత కత్తి తెరవాలంటే బొటనవేలి గోరు ఆనించడానికి అలుగు మీద సన్నటి గాటు ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ ఒక పక్కే ఉంటుందట, కుడి చేతి గోటికి అనువైన పక్క. దీనికి రెండు పక్కలా ఉన్నాయి. అంతేకాదు, అంటు కట్టే కత్తికి పదును రెండువైపులా ఉండదట. ఒక పక్క చదునుగా, ఒక పక్క వాలుగా ఉంటుంది. ఈ కత్తికి వాలు ఉండాల్సిన పక్క కాకుండా రెండో పక్క ఉంది.

"ఎడమ చేతివాళ్ల కోసం ఫ్యాక్టరీలోనే చేసిన కత్తే ఇది! గాటు మాత్రం పొరపాటున రెండు పక్కలా కొట్టేశారు. పెద్దసారు కూడా ఇలాంటిది చూసుండరు!" అంటూ ఒక్కసారి ఆగాడు. "మావయ్యగారిది ఎడమ చేతివాటం కాదు కదా?"

నాకు నవ్వాగలేదు. "మా నాయినదా? ఎడమ చేత్తోని దోమను గూడ కొట్టడు."

"అయితే తేలిపోయింది. దీన్ని వాడిన మావయ్యగారిది కుడి చెయ్యి. ఆయనకు దీన్ని మార్చుకోవాల్సిన అవసరమే లేదు. అంటే పుట్టుకతోనే ఇలా ఉంది. కంపెనీ! నూటికి నూరుపాళ్లు కంపెనీ!"

అంత చక్కగా లెక్క కట్టినందుకు తనను తానే మెచ్చుకుంటూ కూర్చున్నాడు. ఆ లెక్కలో నాకూ తప్పేమీ కనిపించలేదు.

నాన్న తడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. చేతిలో పాలగిన్నె. చూపు అల్లుడి చేతిలో కత్తి మీద.

"గది ఎందుకు తీసినవ్ అల్లుడూ?"

ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. మా ఆయన ఆనందంలో అది గమనించే స్థితిలో లేడు.

"ఆదివారం దాకా నా దగ్గర ఉంచండి మావయ్యగారూ. పెద్దసారుకు ఒక్కసారి చూపించి ఇచ్చేస్తానండీ."

"పాత కత్తి. దాంట్ల ఏమున్నది సూడనీకి?"

"అంతా దాంట్లోనే ఉందండీ!"

అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనడం నాన్నకు చేతకాదు. పాలగిన్నె నా చేతికిచ్చి, తల కూడా తుడుచుకోకుండా వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ వారం నాన్న సరిగ్గా తినలేదు. కత్తి లేదు కాబట్టి మామిడికాయ కొయ్యలేదు. నా వంటింటి కత్తి ఇస్తానంటే వద్దన్నాడు. మామిడికాయ ముక్కలంటే పాపకు ప్రాణం, రోజూ అడిగేది. "నా కత్తి రానీ బిడ్డా" అని మాట దాటేసేవాడు. ఒకరోజు నేను బియ్యం ఏరుతుంటే దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, ఆ పెద్దసారుకు కత్తి సూస్తె అన్నీ ఎర్కైతయా?"

"అన్నీ ఎర్కైతయి నాయినా. కత్తి సూసి దాని జాతకం జెప్తడు," అన్నాను ఆట పట్టించడానికి.

నాన్న నవ్వలేదు. కత్తి పోతుందని బెంగ పెట్టుకున్నాడనుకుని "నీ కత్తి నీకే ఇప్పిస్త, పరేషాన్ గాకు" అని కూడా చెప్పాను.

ఆదివారం వచ్చింది. మా ఆయన పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మా పెళ్లి రిజిస్టర్ ఆఫీసుకు కూడా అంత నీటుగా రాలేదు. చాప మీద తెల్ల తువ్వాలు పరిచి, మధ్యలో కత్తి పెట్టి, పెద్దసారు కోసం గుమ్మంలో కాపలా కాశాడు. నాన్న పాపను తీసుకుని బయట అరుగు మీదికి పోయాడు. పాప చేతికి కండువా ముడి అట్లాగే ఉంది.

పెద్దసారు వచ్చి, చాయ్ తాగి, కత్తి అందుకుని కళ్లు మూసుకున్నారు. టక్. మళ్లీ టక్. వేలితో తడిమారు. కిటికీ వైపు తిప్పారు. భూతద్దం తీశారు. ఆ భూతద్దం ఎంతకూ కిందికి దిగదే! మా ఆయన నుదుటి మీద చెమటలు.

"బజార్," అన్నారు పెద్దసారు.

"సార్! జర మళ్లీ చూడండి సార్!"

మా ఆయన నోట 'జర' వచ్చిందంటే వ్యవహారం ప్రాణం మీదికి వచ్చిందని అర్థం.

"చూసిన భాయ్. నువ్వు చూడు. ఇగో, పిడి దగ్గర ఇంత జాగల పాత వాలు మిగిలిపోయింది. ఆడిదాంక సానరాయి పోదు. ఇది కుడి చెయ్యి కత్తే. రాయి మీద రుద్ది రుద్ది వాలును ఇటు తిప్పిండ్రు. ఒక్కనాడు అయ్యే పని గాదు, ఏండ్లు పట్టుంటది. ఇగ గాట్లు చూడు. ఇది కంపెనీ గాటు, చక్కగ ఉన్నది. గని దాంట్ల గోరు పెట్టినోడే లేడు, కొత్తగ ఉన్నది. ఈ రెండోది ఎవరో ఆకురాయితోని కొట్టుకున్నరు, వంకరున్నది. దాని అంచులు చూడు, గోరు తాకి తాకి ఎట్ల నున్నగైనయో."

మా ఆయన మొహం వేలాడేశాడు. పెద్దసారు కత్తిని కింద పెట్టబోయి, మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"బజార్ అన్న గద, అది గూడ తప్పే. బజార్ల ఎవరికీ ఇంత ఓపిక ఉండదు. దీన్ని వాడినోడే తన చేతికి మలుపుకున్నడు. ఎడమ చెయ్యి మనిషి."

నేను ఒంటికాలి మీద లేచాను.

"ఏం మాట్లాడుతున్నరు సార్? అది మా నాయిన కత్తి. ఇంకొకల చేతికి పోయింది గాదు. మా నాయినది కుడి చెయ్యి!"

"నేను మీ నాయిన ముచ్చట చెప్తలేనమ్మా. కత్తి ముచ్చట చెప్తున్న," అన్నారు ఆయన నెమ్మదిగా.

"నాయినా! జర లోపలికి రా! ఈ సారుకు నువ్వే చెప్పు!"

నాన్న పాప వేలు పట్టుకుని లోపలికి వచ్చాడు. పెద్దసారు ఏమన్నారో నేనే కోపంగా అప్పజెప్పాను, చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నాన్న ఎడమ బొటనవేలు నా కంటపడింది. దాని గోరు మొదటి నుంచీ మందంగా, కొసన చీలి ఉండేది. కుడి చేతి గోరు మామూలుగా ఉండేది. తోట పనిలో ఏదో తగిలి అట్లా అయిందనుకునేదాన్ని. నాన్న నా వంక చూడలేదు, పెద్దసారు వంకా చూడలేదు. తువ్వాలు మీద కత్తి వంకే చూస్తున్నాడు.

"తాతా, నీ కత్తి వచ్చింది! మామిడికాయ కొయ్యి!" అంది పాప.

వారం నుంచి ఆగిన మామిడికాయ కిటికీలో ఉంది. పాపే వెళ్లి కుడి చేత్తో తెచ్చింది. దార్లో ఒకసారి కింద పడేసి, మళ్లీ ఏరుకుని తెచ్చింది. కట్టేసిన చెయ్యి పొట్టకు ఆనించుకునే ఉంది. నాన్న ఆ చేతి వంక చాలాసేపు చూశాడు. తర్వాత చాప మీద కూర్చున్నాడు. గోడవైపు తిరిగి కాదు, మావైపే.

కుడి చేత్తో పిడి పట్టుకుని, ఎడమ బొటనవేలి గోరు ఆ వంకర గాటులో ఆనించాడు. టక్కున తెరుచుకుంది. కత్తి ఎడమ చేతికి మారింది. మామిడికాయ ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు తెగిందో తెలియలేదు, పల్చటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కుడి చేత్తో అన్నం కలిపేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు ఎప్పుడూ కొంచెం తడబడే మా నాన్నకు చేతుల్లో ఇంత వేగం ఉందని నాకు తెలియదు.

"చిన్నప్పుడు మా నాయిన గీ చెయ్యిని గుంజకు కట్టేసేటోడు," అన్నాడు, కొయ్యడం ఆపకుండానే. "బడిల పంతులు దీని మీదనే కొట్టేటోడు. అందరు నవ్వేటోళ్లు. అన్నం దినుడు, రాసుడు, దండం పెట్టుడు అన్నీ కుడి చేతికి నేర్పిన. అంటు కట్టుడు మాత్రం దానికి రాలే. కొమ్మ చీలిపోయేది. పనికెల్లి తీసేస్తనన్నడు దొర. అప్పుడు పెట్టుకున్న గీ గాటు. ఎవ్వలు రాని వరసల కూసొని కట్టేటోన్ని."

"అమ్మకు ఎర్కనా?" అని అడిగాను.

"మీ అమ్మకొక్కదానికే ఎర్క. తోటల నా పక్కనే పనిజేసేది. ఎవలన్న ఇటు వస్తున్నరంటె దగ్గేది."

నేను నోరు వెళ్లబెట్టాను. అమ్మకు పొడిదగ్గు ఉండేదని మా బస్తీ అంతా అనుకునేవాళ్లం. నేనే ఎన్నిసార్లు మిరియాల కషాయం కాచి, ముక్కు మూసి పట్టి తాగించానో! ఒక్కసారి కూడా నాకు దగ్గు లేదని చెప్పలేదు మహాతల్లి. మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, మళ్లీ అవసరమైనప్పుడు దగ్గింది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపొచ్చింది, ఏది ముందు ఆపుకోవాలో తెలియలేదు. మా ఆయన తల వంచుకుని చాప పుల్లలు పీకుతున్నాడు. పెద్దసారు కళ్లజోడు తీసి, తుడిచిందే తుడుస్తున్నారు.

ముక్కలు కొయ్యడం అయిపోయింది. నాన్న ఒక ముక్కకు ఉప్పూ కారం అద్దాడు. పాప బుద్ధిగా కుడి చెయ్యి చాపింది.

నాన్న ముక్క ఇవ్వలేదు. పళ్లెంలో పెట్టేసి, పాపను దగ్గరికి లాక్కుని, కండువా ముడి విప్పబోయాడు. అది బిగుసుకుపోయి ఉంది. కుడి చేత్తో రాలేదు. కత్తి పక్కన పెట్టి, ఆ చీలిన ఎడమ గోరు దూర్చి విప్పాడు.

"ఇగ లేపు బిడ్డా," అన్నాడు. "మస్తుసేపు పండుకుంది."

పాప నమ్మలేదు. నా వంక చూసింది. "బడిల మేడమ్ తిట్టదా?"

తిట్టదని తల ఊపాను. సీటు కోసం పోయిన రోజు మూసుకున్న నా నోటికి జూన్‌లో ఆ మేడమ్ గదిలో పని దొరికింది. ఆ ముచ్చట వరండాలో నిలబడి విన్నవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. పాప ఆ బడిలోనే చదివింది, ఎడమ చేత్తోనే రాసింది. ఆ కత్తి ఎప్పటికీ మా ఆయన అరలోకి రాలేదు. ఆయన అడగనూ లేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం పాప వేళ్లు ముడిచి, తెరిచి, ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. ఎడమ చేత్తో ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నములుతూనే తాత ఎడమ చేతిని పట్టి చూసింది. టెంక గీకడానికి మళ్లీ తీసుకున్న కత్తి దాంట్లోనే ఉంది.

"తాతా, నీదిగూడ పండుకున్నదా?"

"అవ్ బిడ్డా."

"లేచిందా మరి?"

నాన్న కత్తి మడిచి కింద పెట్టి, ఆ చేత్తోనే ఇంకో ముక్క తీసి పాపకు అందించాడు.